వెంటిలేటర్ పక్కన నిలబడేవారి చదువు

ఇంట్లో ఒకరిని ఐ.సి.యు.లో చేర్చవలసి వచ్చినప్పుడు మనవారు సాధారణంగా రెండు ప్రశ్నలు అడుగుతారు. పెద్ద డాక్టరు గారు చూశారా? వెంటిలేటర్ ఉన్నదా? రెండూ న్యాయమైన ప్రశ్నలే. అయితే పెద్ద డాక్టరు గారు రోజు మొత్తం మీద ఆ మంచం దగ్గర గడిపేది పావుగంటకు మించదు. వెంటిలేటర్ ఎంత ఖరీదైనదైనా మనిషి చెప్పింది చేసే యంత్రమే. మిగిలిన 23 గంటల 45 నిమిషాలు ఆ రోగి ప్రాణం ఎవరి చేతుల్లో ఉంటుందన్న మూడవ ప్రశ్నను మాత్రం దాదాపు ఎవరూ అడగరు. ఆ చేతులు ఒక నర్సువి. కొన్ని పెద్ద ఆసుపత్రులలో అయితే ఒక రెస్పిరేటరీ థెరపిస్టువి. వారు కోర్సు పూర్తిచేసి ఎన్నేళ్ళయింది, ఆ తరువాత వారికి ఎవరైనా ఏమైనా నేర్పారా అన్న విషయం ఈ రోజు మీ ముందు ఉంచదలచాను.

రెస్పిరేటరీ థెరపిస్టు అన్న పేరు మన పాఠకులలో చాలామందికి కొత్తగా తోచవచ్చు. ఆక్సిజన్ ఇవ్వడం, నెబ్యులైజేషన్, బిగుతైన మాస్కు ద్వారా ఊపిరికి సాయం చేయడం, వెంటిలేటర్ నడపడం, కోలుకున్న రోగిని క్రమంగా దాని నుండి తప్పించడం వంటి శ్వాస చికిత్సలను ప్రత్యేకంగా అభ్యసించినవారు వీరు. అమెరికాలో ఈ వృత్తివారి సంఘం 1947లోనే చికాగోలో పుట్టింది. మన దేశంలో మణిపాల్, వెల్లూరు సి.ఎం.సి. వంటి సంస్థలు ఈ కోర్సును నడుపుతున్నాయి. మన రెండు రాష్ట్రాలలోనూ బి.ఎస్సీ. స్థాయిలో ఈ చదువు వచ్చింది. 2021లో పార్లమెంటు చేసిన అనుబంధ ఆరోగ్య వృత్తుల జాతీయ కమిషన్ చట్టంలో వీరికి చోటు దక్కింది. అయినప్పటికీ జిల్లా, ఏరియా ఆసుపత్రులలో, ఊళ్ళలోని నర్సింగ్‌హోములలో ఈ పని ప్రధానంగా మోస్తున్నది స్టాఫ్ నర్సులే. వారికి తోడుగా ఒక్కోచోట అనస్తీషియా టెక్నీషియన్ ఉంటాడు. కనుక నేను నర్సు అన్నచోటల్లా, ఆ పని చేస్తున్న అందరినీ కలిపి చెబుతున్నానని గ్రహించండి.

ఒకసారి చదివి ప్యాసైన తరువాత మళ్ళీ చదువు ఎందుకని కొందరు అడుగుతారు. శ్వాస చికిత్సలో దీనికి సమాధానం చాలా స్పష్టంగా ఉన్నది.

నేను వైద్యవిద్య అభ్యసించిన 1970లలో, వెంటిలేటర్ మీద ఉన్న రోగికి ఒక్కొక్క ఊపిరికి కిలో బరువుకు 10 నుండి 15 మిల్లీలీటర్ల గాలి పంపాలని నేర్పేవారు. రక్తంలో ఆక్సిజన్ బాగుంటే చికిత్స బాగున్నట్లే లెక్క. 2000 సంవత్సరంలో అమెరికాలోని కొన్ని ఆసుపత్రులు కలిసి 861 మంది రోగులపై జరిపిన ఒక అధ్యయనం ఈ నమ్మకాన్ని తలకిందులు చేసింది. ఊపిరితిత్తులు తీవ్రంగా వాచి, నీరు చేరి, గట్టిపడిపోయే జబ్బు వారందరిదీ. కిలోకు 12 మిల్లీలీటర్ల చొప్పున గాలి పంపినవారిలో సుమారు 40 శాతం మంది మరణించగా, 6 మిల్లీలీటర్ల చొప్పున పంపినవారిలో 31 శాతం మంది మాత్రమే మరణించారు. ఇందులో కొత్త మందు లేదు, కొత్త యంత్రం లేదు. ఉన్న యంత్రం మీదనే ఒక అంకెను సగానికి తగ్గించారు.

ఇక్కడ మరొక మెలిక ఉన్నది. ఈ కిలోల లెక్క తూకం మీద చూసేది కాదు, ఎత్తును బట్టి కట్టేది. మనిషి లావెక్కినంత మాత్రాన ఊపిరితిత్తులు పెద్దవి కావు. 150 సెంటీమీటర్ల ఎత్తు, 75 కిలోల బరువు ఉన్న ఒక గృహిణిని ఊహించుకోండి. మన ఇళ్ళలో ఇటువంటి వారు ఎందరో ఉన్నారు. ఎత్తు ప్రకారం లెక్క కడితే ఆమె ఊపిరితిత్తులు సుమారు 43 కిలోల మనిషివి. కిలోకు 6 చొప్పున ఆమెకు పంపవలసిన గాలి దాదాపు 260 మిల్లీలీటర్లు. పాత చదువు మాత్రమే ఉన్నవారు తూకం బరువునే తీసుకుని, కిలోకు 10 చొప్పున పెడితే అది 750 అవుతుంది. వాచి ఉన్న ఊపిరితిత్తిలోకి దాదాపు మూడు రెట్ల గాలి, నిమిషానికి ఇరవై సార్లు, రాత్రీ పగలూ పోతూనే ఉంటుంది. చాలాసార్లు మొదటి రోజున అలారం కూడా మోగదు. తెర మీద ఆక్సిజన్ అంకె చక్కగానే కనిపిస్తుంది. జరుగుతున్న నష్టం బయటపడేసరికి రెండు మూడు రోజులు గడిచిపోతాయి. దీనిని నివారించడానికి కావలసిన పరికరం దర్జీ మెడలో వేసుకునే టేపు. రోగి ఎత్తు కొలిచి కేస్ షీటు మీద రాయాలని నర్సుకు తెలిసి ఉండాలి, డాక్టరు పొరపాటున పెద్ద అంకె రాస్తే, "సార్, ఈమె ఎత్తు ఇంతే" అని చెప్పగల ధైర్యమూ ఉండాలి.

ఆక్సిజన్ సంగతి మరీ సున్నితమైనది, ఎందుకంటే దానిని మందుగా మనం ఎవ్వరమూ చూడము. ఎంత పెడితే అంత మంచిదనుకుంటాము. నలభై ఏళ్ళు బీడీలు కాల్చిన ఒక పెద్దాయన, లేదా జీవితమంతా కట్టెల పొయ్యి ముందు కూర్చున్న ఒక పెద్దావిడ, ఆయాసంతో ఆసుపత్రికి వస్తారు. పెదవులు నల్లబడి ఉంటాయి. ఇంట్లోవారు కంగారుపడి "ఇంకా పెంచండి సిస్టర్" అంటారు. సిలిండర్ మీట పూర్తిగా తిప్పుతారు. వేలికి తగిలించిన పరికరం 99 చూపిస్తుంది. కొంతసేపటికి పెద్దాయన నిద్రలోకి జారుకుంటాడు. రాత్రంతా కూర్చున్న కొడుకు "ఇప్పటికి కాస్త కునుకు పట్టింది" అని ఊరట పొందుతాడు. కాని అది కునుకు కాకపోవచ్చు. ఇటువంటి దీర్ఘకాల శ్వాసకోశ వ్యాధిలో అవసరానికి మించి ఆక్సిజన్ ఇస్తే, కొందరి రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పేరుకుపోయి మగత కమ్ముతుంది. పట్టించుకోకపోతే ఊపిరి ఆగిపోతుంది. ఈ రోగులకు 88 నుండి 92 మధ్య ఉంచాలన్నది నేటి నియమం. ఆస్ట్రేలియాలోని టాస్మేనియాలో అంబులెన్సు సిబ్బందికి శిక్షణ ఇచ్చి, ఆయాసంతో ఉన్న 405 మందిపై జరిపిన పరిశీలన ఫలితాలు 2010లో వెలువడ్డాయి. ఎక్కువ ఆక్సిజన్ ఇచ్చే పాత పద్ధతిలో 9 శాతం మంది మరణించారు. కొలిచి ఇచ్చిన పద్ధతిలో 4 శాతం మంది మరణించారు. డాక్టరు ఇంకా కంటపడకముందే, అంబులెన్సులో ఉన్న మనిషికి తెలిసిన ఒక విషయం వలన వచ్చిన తేడా అది.

నెలలు నిండని పసికందుల విషయంలో ఇదే ఆక్సిజన్ కళ్ళను తీస్తుంది. 1940, 50 దశకాలలో పాశ్చాత్య దేశాలలో వేలాదిమంది శిశువులు ఇంక్యుబేటర్లలో ధారాళంగా ఇచ్చిన ఆక్సిజన్ వలన చూపు కోల్పోయారు. మంచి చేస్తున్నామని నమ్మిన డాక్టర్లు, నర్సుల చేతుల మీదుగానే అది జరిగింది. నేడు జిల్లాలలో నవజాత శిశువుల ప్రత్యేక విభాగాలు వచ్చాయి. కిలో, కిలోంపావు బరువున్న పిల్లలు బ్రతుకుతున్నారు. హైదరాబాదులోని ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రి వంటి సంస్థలు ఇటువంటి పిల్లల కళ్ళను పరీక్షించే కార్యక్రమాలు నడుపుతున్నాయి. అయితే కంటి డాక్టరు చూసేది జరిగిన నష్టాన్ని. ఆ నష్టం జరగకుండా, అంకె 95 దాటగానే ఆక్సిజన్ తగ్గించవలసింది రాత్రి డ్యూటీలో ఉన్న నర్సు. ఎందుకు తగ్గించాలో తెలియని మనిషికి 100 అన్న అంకె నూటికి నూరు మార్కుల వలె కనిపిస్తుంది.

చిన్న పనుల జాబితా చాలా ఉన్నది, అన్నీ రాయను. గొంతులో వేసిన ట్యూబులోకి సెలైన్ పోసి సక్షన్ చేయడం ఒకప్పుడు ప్రతి వార్డులో అలవాటు. కఫం పలచబడుతుందని నమ్మేవాళ్ళము. అలవాటుగా అలా చేయవద్దని ఇప్పుడు చెబుతున్నారు. సక్షన్ ఒక్కసారికి 15 సెకన్లు మించరాదు. ట్యూబు చివర ఉండే చిన్న బుడగలో గాలి పీడనం 20 నుండి 30 సెంటీమీటర్ల నీటి మట్టం మధ్య ఉండాలి. తగ్గితే నోటిలోని స్రావాలు ఊపిరితిత్తిలోకి జారి న్యుమోనియా వస్తుంది, పెరిగితే గొంతు లోపల పుండు పడుతుంది. ఆ పీడనాన్ని వేళ్ళతో నొక్కి చూసి "సరిపోయింది" అనడం ఇప్పటికీ అనేక చోట్ల జరుగుతున్నది. వేళ్ళకు ఆ తేడా తెలియదు, కొలిచే మీటరు ఉన్నది.

మరి మన దగ్గర నర్సులకు నిరంతర విద్య లేదా? కాగితం మీద ఉన్నది. రిజిస్ట్రేషన్‌ను ఐదేళ్ళకొకసారి పునరుద్ధరించుకోవాలంటే 150 గంటల విద్య పూర్తిచేయాలని భారత నర్సింగ్ కౌన్సిల్ నిర్దేశించింది. డాక్టర్లకు అదే ఐదేళ్ళలో 30 గంటలే. నర్సులకు మాకంటే ఐదు రెట్లు ఎక్కువ విధించినవారు, దానిని ఏ సమయంలో, ఎవరి ఖర్చుతో పూర్తిచేయాలో మాత్రం అంత శ్రద్ధగా ఆలోచించినట్లు తోచదు. 2023లో పాత నర్సింగ్ కౌన్సిల్ చట్టం స్థానంలో జాతీయ నర్సింగ్, మిడ్‌వైఫరీ కమిషన్ చట్టం వచ్చింది. ఈ సమస్య మాత్రం పాతదే.

నేను ఉద్యోగ విరమణ తరువాత కూడా ఇటువంటి సమావేశాలకు ఉపన్యాసకునిగా వెళ్ళాను. ఒక దాని సంగతి చెబుతాను, ఊరూ పేరూ అనవసరం. రెండు వందల మంది నర్సులు ఒక ఫంక్షన్ హాలులో కూర్చున్నారు. వారిలో చాలామంది ఆ రోజు వారపు సెలవును వదులుకుని వచ్చినవారు, కొందరు ముందు రాత్రి పన్నెండు గంటల డ్యూటీ దిగి నేరుగా వచ్చినవారు. జ్యోతి ప్రజ్వలన, అతిథుల ప్రసంగాలు, శాలువాలు ముగిసేసరికి పదకొండున్నర. వెంటిలేటర్ గురించి స్లయిడ్లు చూపించారు కాని, హాలులో ఒక్క వెంటిలేటర్ లేదు. భోజనాల తరువాత ముందు వరుసలో ఒక అమ్మాయి కూర్చున్నచోటనే నిద్రపోతున్నది. నాకు కోపం రాలేదు. నాలుగు గంటలకు గ్రూపు ఫొటో దిగి, సర్టిఫికెట్లు పంచారు. వారి ఖాతాలో కొన్ని గంటలు జమ అయ్యాయి. మరునాడు వార్డులో వారు చేసిన పనిలో ఏ మార్పు వచ్చి ఉంటుందో మీరే చెప్పండి. ఇక ఇంటర్నెట్‌లో డబ్బు కట్టి వీడియోను పక్కన మోగనిచ్చి సర్టిఫికెట్ తెచ్చుకునే మార్గం ఉండనే ఉన్నది.

లెక్క వేసి చూడండి. ఐదేళ్ళకు 150 గంటలంటే ఏడాదికి 30, వారానికి సుమారు 35 నిమిషాలు. దీనిని ఏడాదికి నాలుగు రోజుల ఉపన్యాసాలుగా కాక, వారంలో రెండు మూడు సార్లు, షిఫ్టు మారే వేళ, రోగి మంచం పక్కన, పావుగంట చొప్పున ఇస్తే ఎలా ఉంటుంది? చేతి నైపుణ్యం పుస్తకజ్ఞానం కంటే వేగంగా తరిగిపోతుంది. గుండె ఆగినవారికి ఛాతీ నొక్కి, ఊపిరి ఊదే పద్ధతిని నేర్చుకున్నవారు, సాధన లేకపోతే మూడు నుండి ఆరు నెలల్లో చాలావరకు మరచిపోతున్నారని అధ్యయనాలు తేల్చాయి. అందువలననే కొన్ని దేశాలలో రెండేళ్ళకొకసారి జరిపే శిక్షణకు బదులు, మూడు నెలలకొకసారి కొద్ది నిమిషాల సాధన చేయిస్తున్నారు. తక్కువ మోతాదు, ఎక్కువసార్లు. మందులు రాసే మాకు ఈ సూత్రం అర్థం కాకపోవడానికి కారణం లేదు.

ఇది ఊహాగానం కాదని చెప్పడానికి ఒక ఉదాహరణ ఉన్నది. నేను పనిచేసిన ఒక జిల్లా ఆసుపత్రిలో ఒక హెడ్ నర్సు ఉండేవారు. ఆవిడను ఎవరూ శిక్షకురాలిగా నియమించలేదు. మధ్యాహ్నం రెండు గంటలకు షిఫ్టు మారే సమయంలో, ఖాళీగా ఉన్న వెంటిలేటర్ గొట్టానికి ఒక రబ్బరు గ్లవ్ కట్టి ఆన్ చేసేవారు. గ్లవ్ ఊపిరితిత్తి వలె ఉబ్బుతూ, దిగుతూ ఉండేది. ఆవిడ ఆ గొట్టాన్ని ఒకచోట మడిచేవారు, లేదా ఒక బిగింపును వదులు చేసేవారు. అలారం మోగేది. కొత్తగా వచ్చిన అమ్మాయిని "ఏమ్మా, ఎందుకు మోగుతున్నది? చూసి చెప్పు" అని అడిగేవారు. అలారం నోరు నొక్కడానికి చెయ్యి చాపితే ఆ చేతి మీద సున్నితంగా ఒక దెబ్బ పడేది. "ముందు యంత్రాన్ని కాదు, మనిషిని చూడు. ఛాతీ లేస్తున్నదా? లేవకపోతే గొట్టం ఊడదీసి అంబు బ్యాగు పెట్టు. తరువాత వెతుకు." ట్యూబు కదిలిందా, మూసుకుపోయిందా, ఊపిరితిత్తికి చిల్లుపడి బయట గాలి చేరిందా, యంత్రమే చెడిందా అన్న నాలుగు ప్రశ్నలను ఆవిడ అందరికీ ఎక్కాల వలె వల్లె వేయించారు. మొత్తం పది నిమిషాలు పట్టేది. ఉపన్యాసం లేదు, సర్టిఫికెట్ లేదు.

ఒక రాత్రి పురుగుమందు తాగిన ఒక కుర్రవాడు వెంటిలేటర్ మీద ఉన్నాడు. మా జిల్లాలలో ఐ.సి.యు. మంచాలను అప్పట్లో ఎక్కువగా నింపినది ఆ విషమే. డ్యూటీ డాక్టరు కింద క్యాజువాలిటీలో ప్రమాదం కేసుతో ఉన్నాడు. అలారం మోగింది, కుర్రవాడు నీలంగా మారుతున్నాడు. ఉద్యోగంలో చేరి ఏడాది కూడా నిండని నర్సు యంత్రాన్ని ఊడదీసి, అంబు బ్యాగు నొక్కుతూనే ఆయాను కిందికి పరుగెత్తించింది. డాక్టరు గుమ్మంలోకి రాగానే ఆమె అన్న మాట నాకు మరునాడు అతడే చెప్పాడు: "బ్యాగు గట్టిగా ఉంది సార్, సక్షన్ గొట్టం దిగడం లేదు, ట్యూబు మూసుకుపోయింది." అతడు వెతకవలసింది ఏమీ మిగలలేదు. వెంటనే ట్యూబు మార్చాడు. ఆ కుర్రవాడు పన్నెండవ రోజున నడిచి ఇంటికి వెళ్ళాడు. ఆమె ఆ నాలుగు ప్రశ్నలను తరగతి గదిలో ఎప్పుడో ఒకసారి విని ఉంటుంది. ఆ రాత్రి గుర్తుకు రావడానికి కారణం మాత్రం, మధ్యాహ్నం గ్లవ్ పాఠమేనని నేను నమ్ముతాను.

ఆ హెడ్ నర్సు బదిలీ అయిన నెలకు ఆ పాఠం ఆగిపోయింది. ఇది రెండవ జబ్బు. మన ప్రభుత్వ ఆసుపత్రులలో నర్సును ఐ.సి.యు.లో ఆరు నెలలు తర్ఫీదు చేసి, చేతికి పని వచ్చే వేళకు కంటి వార్డుకో, ఓ.పి.కో మారుస్తారు. ఐ.సి.యు.కు మళ్ళీ కొత్తవారు వస్తారు. కాంట్రాక్టు, అవుట్‌సోర్సింగ్ ఉద్యోగినుల విషయంలో ఇది మరీ ఎక్కువ. వచ్చే ఏడాది ఉంటారో లేదో తెలియని మనిషి మీద ఖర్చు దేనికని అధికారులు, రేపు ఎక్కడ వేస్తారో తెలియని పని నేర్చుకోవడం దేనికని ఆ ఉద్యోగినులు అనుకుంటారు. రోగి మాత్రం అక్కడే ఉంటాడు.

కోవిడ్ కాలం ఈ లోపాన్ని అందరి ముందు బయటపెట్టింది. 2020 మే నెలలో పి.ఎం. కేర్స్ నిధి నుండి 50,000 వెంటిలేటర్ల కోసం 2,000 కోట్ల రూపాయలు కేటాయించారు. తరువాత వెయ్యికి పైగా ఆక్సిజన్ ప్లాంట్లు వెలిశాయి. కొనడం అవసరమే, నేను తప్పు పట్టను. అయితే 2021 రెండవ ఉధృతిలో, కొన్ని రాష్ట్రాల ఆసుపత్రులలో వెంటిలేటర్లు వాడకుండా పడి ఉన్నాయని పత్రికలలో చదివాము. కొన్నింటిలో లోపాలున్నాయన్నారు, మరికొన్నిచోట్ల నడపగలవారు లేరన్నారు. యంత్రానికి కోట్లు రాసిన చేతితోనే, దానిని నడిపేవారి చదువుకు అందులో నూటికి ఐదు రూపాయలైనా రాసి ఉంటే బాగుండేది. కంపెనీ ప్రతినిధి వచ్చి ఒక పూట మీటలు చూపించి వెళ్ళడాన్ని మనవారు శిక్షణ అంటున్నారు. అది కారు కొన్నప్పుడు షోరూము కుర్రవాడు లైట్లు, వైపర్లు చూపించడం వంటిది. దానితో డ్రైవింగు రాదు.

అసలు వెంటిలేటర్ చికిత్స పుట్టుకే యంత్రంతో జరగలేదు. 1952లో డెన్మార్క్ రాజధాని కోపెన్‌హేగెన్‌లో పోలియో చెలరేగి, ఊపిరి కండరాలు చచ్చుబడిన రోగులు వరుసగా మరణిస్తున్నప్పుడు, బియోర్న్ ఇబ్సెన్ అనే మత్తుమందు వైద్యుడు గొంతుకు రంధ్రం చేసి, ట్యూబు వేసి, చేతితో బ్యాగు నొక్కించే పద్ధతి చూపించాడు. నొక్కడానికి వేయిమందికి పైగా విద్యార్థులను పిలిచి, నేర్పి, వంతులవారీగా కూర్చోబెట్టారు. ఆ రోగులలో పదిమందికి ఎనిమిది, తొమ్మిది మంది మరణిస్తున్న స్థితి నుండి, సగానికి పైగా బ్రతికే స్థితి వచ్చింది. ఆధునిక ఐ.సి.యు. అక్కడి నుండే మొదలైందని చెబుతారు. యంత్రాలు కొరతగా ఉన్నప్పటికీ, నేర్పిన చేతులు ఆ పని చేశాయి.

ఈ మాటలు చెప్పినప్పుడు నాకు ఎదురయ్యే ఆక్షేపణలలో ఒకటి, "బాగా నేర్పితే గల్ఫుకో, ఇంగ్లండుకో పోతారు" అన్నది. కొందరు పోతారు, నిజమే. కాని ఎక్కువమంది ఇక్కడే ఉంటారు. ఆ ఎక్కువమందే మిమ్మల్నీ నన్నూ చూసుకునేవారు. పైగా వెళ్ళినవారికి అక్కడ ఏమి జరుగుతున్నదో చూడండి. బ్రిటన్‌లో రిజిస్టరైన ప్రతి నర్సూ మూడేళ్ళకొకసారి తాను 35 గంటలు చదువుకున్నట్లు, అందులో కనీసం 20 గంటలు నలుగురితో కలిసి నేర్చుకున్నట్లు చూపించాలి. తన పని గురించి తాను ఏమి ఆలోచించిందో రాతపూర్వకంగా ఇవ్వాలి. గంటలు మన నియమంకంటే ఎక్కువ కావు. వాటిని అడిగే తీరు వేరు. అక్కడ స్థిరపడిన మన తెలుగు అమ్మాయిలు సెలవులకు వచ్చినప్పుడు, "అక్కడ వార్డులోనే నేర్పే సిస్టర్ ఒకరు ఉంటారు సార్, అదే ఆమె ఉద్యోగం" అని చెబుతుంటారు. వంద పడకలు దాటిన ప్రతి ఆసుపత్రిలో అటువంటి ఉద్యోగం ఒకటి ఏర్పాటు చేయడం మనకు మోయలేని భారమేమీ కాదు. రెస్పిరేటరీ థెరపీ చదివి ఉద్యోగాల కోసం తిరుగుతున్న మన పిల్లలకు ఇందులో సహజమైన స్థానం ఉన్నది. వారిని నియమించి, వెంటిలేటర్లు వారికి అప్పగించి, నర్సులకు నేర్పే బాధ్యతను కూడా వారి ఉద్యోగ విధులలోనే రాయాలి. ఆ నేర్చుకునే సమయాన్ని డ్యూటీగా లెక్కించి జీతం ఇవ్వాలి. సెలవు రోజున పిలిచి చేసేది చదువు కాదు, శిక్ష.

రెండవ ఆక్షేపణ మా వైద్యుల నుండి వస్తుంది. పైకి అనకపోయినా మనసులో ఉంటుంది: నర్సుకు ఇంత తెలియడం దేనికి, మేము రాసింది చేస్తే చాలదా? చాలదు. మేము రాసేది ఉదయం తొమ్మిది గంటలకు. రోగి పరిస్థితి మారేది రాత్రి రెండు గంటలకు. ఆర్డరును యథాతథంగా పాటించే చేతులు మాత్రమే ఉన్నచోట, నా పాత ఆర్డరే తెల్లవారేసరికి రోగికి అపకారం అవుతుంది. ఇంతకూ ఒక నర్సు ప్రశ్న అడిగితే ముఖం మాడ్చుకునే డాక్టరు ఉన్న వార్డులో, ఎన్ని గంటల శిక్షణ ఇచ్చినా అది నోట్‌బుక్కులోనే ఉండిపోతుంది.

చివరిగా పాఠకులకు సంబంధించిన సంగతి. మీ వారు ఐ.సి.యు.లో ఉన్నప్పుడు అక్కడి నర్సును పరీక్షించడం మీ పని కాదు. దయచేసి ఈ వ్యాసం చదివి ఎవరితోనూ వాదానికి దిగకండి. కాని ఆసుపత్రి యాజమాన్యాన్ని, ప్రభుత్వ ఆసుపత్రి అయితే అభివృద్ధి సంఘం సభ్యులను, మీ ప్రజాప్రతినిధులను ఒక మాట అడగవచ్చు: వెంటిలేటర్ మీద ఉన్న ఒక్కొక్క రోగికి రాత్రిపూట ఒక నర్సు ఉంటున్నదా, వారికి చివరిసారి ఎప్పుడు, ఎవరు నేర్పారు? "ఎన్ని వెంటిలేటర్లు ఉన్నాయి" అని ఎంత సహజంగా అడుగుతామో అంతే సహజంగా దీనినీ అడగాలి. పెద్దాయనకు ఎంత ఆక్సిజన్ పెట్టాలో నర్సు నిర్ణయించి తగ్గించినప్పుడు, "పెంచండి" అని ఒత్తిడి చేయకండి. ఎందుకు తగ్గించారో అడగండి. చెప్పగలిగిన నర్సు దొరికితే మీరు మంచి చోట ఉన్నట్లే.

ఉబ్బసానికి ఇన్‌హేలర్ వాడుతున్నవారు ఈసారి ఆసుపత్రికి వెళ్ళేటప్పుడు దానిని సంచిలో వేసుకుని వెళ్ళి, నర్సు ముందు ఒకసారి పీల్చి చూపించండి. నొక్కి వాడే రకమైతే ముందు బాగా ఊపి, ఊపిరి పూర్తిగా వదిలి, నెమ్మదిగా పీలుస్తూ నొక్కి, పది లెక్కించే వరకు ఊపిరి బిగపట్టాలి. పొడి రకమైతే ఊపవలసిన పని లేదు, గట్టిగా, వేగంగా పీల్చాలి. రెండింటినీ ఒకే విధంగా పీల్చేవారిని నేను వందల సంఖ్యలో చూశాను. స్టెరాయిడ్ ఉన్న ఇన్‌హేలర్ అయితే తరువాత నోరు పుక్కిలించి ఉమ్మివేయాలి. మీరు పీల్చే తీరులో తప్పును ఆమె పట్టుకుని సరిదిద్దితే, ఆమె పేరు ఒక కాగితం మీద రాసి సూపరింటెండెంటుకు ఇచ్చి రండి.